మళ్ళీ మేడం

‘మళ్ళీ’ అనే మాటలో తప్పేమీ లేదు. మళ్ళీ వడ్డించుకోమంటే కడుపు నిండుతుంది, మళ్ళీ రమ్మంటే మనసు నిండుతుంది. కానీ అదే మాటని ఎర్ర పెన్సిల్‌తో, మార్జిన్లో, కింద రెండు గీతలు కొట్టి, నాలుగేళ్ళపాటు రాసిస్తూ పోతే మనిషికి ఒళ్ళు మండుతుందా లేదా, మీరే చెప్పండి.

ఉడతకి మండేది. కాసేపు మండి చల్లారేది. చల్లారాక వెళ్ళి స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టేది.

ఉడత అంటే ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి. చిన్నప్పుడు గౌను జేబుల్లో గులకరాళ్ళు దాచుకుని తిరిగేదని వాళ్ళక్క పెట్టిన పేరది. అసలు పేరు సర్టిఫికెట్ల మీద ఉంది, అక్కడే ఉండనివ్వండి. పెద్దయ్యాక కూడా ఈవిడకి రాళ్ళ పిచ్చి పోలేదు. చేప చెవిలో ఆవగింజంత రాయి ఉంటుంది. చేపపిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఆ రాయి మీద రోజుకొక గీత పడుతుంది. కడుపు నిండిన రోజున వెడల్పు గీత, పస్తున్న రోజున సన్న గీత. రాయిని సానబట్టి, గాజు పలక మీద జిగురుతో అంటించి, మైక్రోస్కోపు కింద పెట్టి గీతలు లెక్కపెడితే ఆ చేప ఎన్ని రోజులు బతికిందో తేలుతుంది. ఇదీ ఉడత పీహెచ్‌డీ. మొత్తం ఆరువందల రాళ్ళు.

ఆమె గైడుకి ఒక పద్ధతుంది. ప్రతి రాయినీ మూడుసార్లు చదవాలి. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య కనీసం నెల గడవాలి. క్రితంసారి ఎంతొచ్చిందో చూడకూడదు. చూడకుండా ఉండటానికి పాత లెక్కల పుస్తకాలనీ, చదవడం అయిపోయిన పెట్టెలనీ తన బీరువాలో పెట్టి తాళం వేసుకునేది. మూడు లెక్కలూ కలవకపోతే ‘మళ్ళీ’. అది న్యాయమే. కలిసినా ఒక్కోసారి ‘మళ్ళీ’. ఎందుకు మేడం అని అడిగితే ‘ఊరికే’ అనేది. థీసిస్ మొదటి అధ్యాయం పదకొండుసార్లు మళ్ళీ అయింది. పన్నెండోసారి ఏమీ రాయకుండా తిరిగొస్తే, పేజీ మారిపోయిందేమోనని ఉడత వెనక్కి తిప్పి మరీ చూసింది. డిపార్ట్‌మెంటంతా ఆవిడని మళ్ళీ మేడం అనేవాళ్ళు, ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయిందని రూఢి చేసుకున్నాకే.

నాలుగో అంతస్తులో చిట్టచివరి గది వాళ్ళది. కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగు గోడా, దాని మీంచి దిగే నీళ్ళ గొట్టమూ కనిపిస్తాయి. మధ్యలో చెక్క తలుపు, అవతల మేడం గది. ఇవతల ఒక మైక్రోస్కోపు, రెండు స్టూళ్ళు. రెండో స్టూలు పొడుగుది. పొడుగు అంటే ఉడతకంటే ముందు చేరిన స్కాలరు. మూడో ఏడు ఒక మధ్యాహ్నం టీ తాగొస్తానని వెళ్ళాడు. ఇంతవరకూ రాలేదు. అతని కప్పులో ఇప్పుడు ఉడత పెన్నులు పెట్టుకుంటోంది.

అతను పోయాక గదిలో మాట అనేదే లేకుండా పోయింది. ఉడత పెదాల్లోనే లెక్కపెట్టుకునేది, నలభై ఒకటి, నలభై రెండు. సాయంత్రం బ్యాగు తగిలించుకుని మేడం గుమ్మం దగ్గర నిలబడి ‘వెళ్ళొస్తాను మేడం’ అనేది. మేడం తల ఎత్తకుండా ‘ఆఁ’ అనేది. చాలా రోజుల్లో ఆ రోజుకి మాటలంటే అవే. ఒక సోమవారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ కార్డు చూపించమంటే ‘ఇదుగో’ అనబోయింది. గొంతులోంచి కీచుమని ఏదో శబ్దం వచ్చింది తప్ప మాట రాలేదు. అప్పుడు లెక్కేసుకుంటే శుక్రవారం సాయంత్రం తర్వాత తను ఒక్క మనిషితో కూడా మాట్లాడలేదని తెలిసింది. మెట్ల మధ్యలో ఆగిపోయి ఏడుపు ఆపుకుంది. ఆపుకోకపోయినా చూసేవాళ్ళెవరూ లేరు, అది వేరే సంగతి.

ఆ రోజు మధ్యాహ్నమే ఉద్యోగం సంగతి వచ్చింది. రేవు దగ్గర చేపల తనిఖీ ఆఫీసు ఒకటుంది. వలలో పడుతున్న చేపల వయసు చెప్పే మనిషి వాళ్ళకి కావాలి. అక్కడి పెద్దాయన ఫోన్ చేశాడు.

“ఒక్కో రాయిని ఎన్నిసార్లు చదువుతారమ్మా మీరు?”

“మూడుసార్లండి.”

“మూడుసార్లా! అంత తీరిక ఎవరికుందమ్మా? మా దగ్గర ఒక్కసారి చాలు. ఇంకోటమ్మా, మాది ఇద్దరు చూసే మైక్రోస్కోపు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకేసారి ఒకే రాయిని చూడొచ్చు. మీకు అలవాటుందా?”

లేదండి అంది ఉడత. జీతం చెప్పాడు, సెలవులు చెప్పాడు, శుక్రవారం లోపు ఏ సంగతో తేల్చమన్నాడు. అవేవీ ఆమె చెవికెక్కలేదు. ఒకే రాయిని ఇంకో మనిషి కూడా చూస్తాడన్న మాట దగ్గరే ఆగిపోయింది. ‘ఇక్కడ గీత ఉందంటారా?’ అని అడగొచ్చు. ‘ఉంది’ అని ఎదుటి మనిషి అంటాడు. నాలుగేళ్ళలో అంతకంటే విలాసం ఆమెకి తోచలేదు.

వాళ్ళక్కకి బట్టలు కుట్టే షాపుంది. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకునే ఫోన్ మాట్లాడుతుంది.

“ఏమే, ఏం తిన్నావు?”

“తిన్నాను.”

“ఏం తిన్నావే అంటే తిన్నానంటావేంటి? గొంతేంటి అలా ఉంది?”

వెనకనుంచి బావ కేక వినిపించింది. “డాక్టరమ్మగారిని అడుగు, నా మోకాలికి ఏం రాసుకోవాలో!”

“చేపకైతే చెప్తానని చెప్పవే బావకి.”

“చేపకి మోకాలెక్కడిది?”

“అందుకే అది హాయిగా ఉంది.”

అక్క నవ్వలేదు. కుట్టుమిషన్ ఆగిన చప్పుడైంది. “ఉడతా, నువ్వు లెక్కపెడుతున్నావు. నాతో మాట్లాడుతూ మధ్యమధ్యలో పెదాల్లో ఏదో లెక్కపెడుతున్నావు. నాకు వినబడుతోంది.”

నిజమే. ఎదురింటి మెట్లు లెక్కపెడుతోంది, తనకే తెలియకుండా. అప్పుడు రేవు ఉద్యోగం సంగతి చెప్పింది.

“మానెయ్యాలనుంటే మానెయ్యి. ఉండాలనుంటే ఉండు. నేనేమీ అనను,” అంది అక్క. “కానీ భయపడి మాత్రం ఏదీ చెయ్యకు. చెయ్యి వణుకుతున్నప్పుడు నేను కత్తెర ముట్టుకోను, తెలుసుగా?”

సోమవారం అక్క అలా అందా, మంగళవారం ఉడత కొంప మునిగింది.

చదవాల్సిన పెట్టెల్లోంచి 517 నంబరు పలక తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఫోకస్ తిప్పింది. రాయి పక్కన, జిగురులో చిక్కుకుపోయిన చిన్న గాలిబుడగ. కామా గుర్తులా ఉంది, దాని తోకకి వెంట్రుకంత పగులు. ఉడత మొహం విప్పారింది. “ఒరేయ్, నువ్విక్కడేం చేస్తున్నావురా?” అని పైకే అంది.

ఆ బుడగ ఆమెకి పాత స్నేహం. 188వ రాయి పక్కన ఉండేది. మనుషులెవరూ దొరకనప్పుడు ఆమె దాన్ని పలకరించేది. ‘ఏరా, బాగున్నావా, మళ్ళీ మేడం నిన్నేమైనా అందా’ అని అడిగేది. మూడుసార్లు చదవడం అయిపోయి ఆ పెట్టె బీరువాలోకి వెళ్ళిపోయిన రోజున కాస్త దిగులు పడింది కూడా. నవ్వుకోండి, ఫరవాలేదు. మీరు అలాంటి గదిలో నాలుగేళ్ళు కూర్చుని అప్పుడు నవ్వండి.

సంతోషం అర నిమిషం ఉంది. తర్వాత చీటీ మీది నంబరు ఇంకోసారి చూసింది. 188 నంబరు మీద ఉండాల్సిన బుడగ 517 దగ్గరకి ఎలా వచ్చింది?

ఎలా వచ్చిందో తనకి తెలుసనుకుంది. రెండేళ్ళ కిందట ఒక పెట్టె చెయ్యి జారి కింద పడింది. నూట ఎనభై ఒకటి నుంచి రెండువందల దాకా ఉన్న పెట్టె. పలకలు పగల్లేదు కానీ మూడింటి మీద నంబరు చీటీలు ఊడిపోయాయి. మేడం అప్పుడు గదిలో లేదు. ఉడత గబగబా మూడు చీటీలనీ అందాజుగా అంటించేసి, పెట్టె మూసేసి, నోరు కూడా మూసేసుకుంది. ఆ రోజు చెప్పి ఉంటే ఒక్క ‘మళ్ళీ’తో పోయేది. చెప్పలేదు. ఆ చీటీ ఇంకో పలక మీదికీ, ఆ పలక ఇంకో పెట్టెలోకీ వెళ్ళి, రెండేళ్ళుగా ఎన్ని నంబర్లు కలగాపులగం అయ్యాయో ఏమో! థీసిసంతా నంబర్ల మీదే నిలబడి ఉంది. ఏ చేప ఎన్నాళ్ళు బతికిందో తెలియకపోతే అందులో మిగిలేది కాగితాలే.

బుధవారం ఉడత గదికి వెళ్ళలేదు. మంచం మీద కూర్చుని రెండు లైన్ల ఉత్తరం రాసింది. వ్యక్తిగత కారణాల వల్ల పరిశోధన విరమించుకుంటున్నాను. ఎంత సుఖమైన మాట, వ్యక్తిగత కారణాలు! పంపేస్తే చాలు, రేవు దగ్గర ఉద్యోగం సిద్ధంగా ఉంది. పెట్టె సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ స్టూలు మీద తన తర్వాత ఎవరో వచ్చి కూర్చుంటారు. ఈ నంబర్లని నమ్మి లెక్కలు వేసుకుంటారు. వాళ్ళ లెక్క ఎందుకు కలవట్లేదో తెలియక వాళ్ళూ ఆ గదిలో ఒంటరిగా తల బాదుకుంటారు.

ఆ ఆలోచనే ఉత్తరాన్ని పంపనివ్వలేదు. సాయంత్రం దాకా కూర్చుంది, పంపలేకపోయింది.

గురువారం మధ్యాహ్నం మేడం తలుపు తోసింది. మేడం కాగితాలు ఒక పక్కకి జరుపుకుని ఒక్కతే టిఫిన్ డబ్బా తెరిచి తింటోంది. రోజూ అలాగే తింటుంది. ఆ సంగతి తను ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడలేదని ఉడతకి అప్పుడు తట్టింది.

“ఏంటి అమ్మాయ్, నిన్న రాలేదు?”

ఉడత ఆపకుండా చెప్పేసింది. పెట్టె పడింది, చీటీలు ఊడాయి, అందాజుగా అంటించాను, మీకు చెప్పలేదు, ఇప్పుడు 188 వచ్చి 517లో ఉంది. “మొత్తం కలిసిపోయినట్టుంది మేడం. నాలుగేళ్ళదీ.”

మేడం డబ్బా మూత పెట్టింది. “అది 188 అని ఎలా తెలుసు?”

“బుడగ ఉంది మేడం. జిగురులో. దాంతో నేను...” ఆగింది. ఇంత చెప్పాక ఇంకా దాచేదేముందిలే అనుకుంది. “దాంతో నేను మాట్లాడేదాన్ని.”

మేడం డబ్బా పక్కకి జరిపింది. “ఎంతొచ్చింది?” అంది.

“ఏంటి మేడం?”

“517. గీతలెన్ని?”

“నూట నలభై మూడు. మంగళవారమే లెక్కపెట్టాను.”

మేడం లేచి బీరువా తాళం తీసింది. ఉడత ఎప్పుడూ చూడని నీలం అట్ట పుస్తకం ఒకటి బయటికి తీసి, ఒక పేజీ తెరిచి, అందులో నూట నలభై మూడు అని రాసింది. పక్కన ఎర్ర పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టింది.

“నేనే పెట్టాను,” అంది.

ఉడతకి అర్థం కాలేదు.

“చదివేసిన రాయినే తీసి, చీటీ మార్చి, కొత్త నంబరుతో నీ పెట్టెలో పెడతాను. పదింటికి ఒకటి చొప్పున. ఆదివారాలు వచ్చి పెడతాను, నువ్వుండవు కాబట్టి. చదివే మనిషి నిలకడ తెలియాలంటే ఇంకో దారి లేదు. చెప్పి పెడితే అది పరీక్ష కాదు.” పుస్తకం ఆమె వైపు తిప్పింది. పేజీ పొడుగునా టిక్కులే. “యాభై రెండు పెట్టాను. యాభై రెండూ పాత లెక్కలతో కలిశాయి. పొడుగబ్బాయికి ముప్ఫైలో పందొమ్మిది కలిశాయి. నేను చదువుకునేటప్పుడు మా సారు యాభై పెట్టారు. నాకు నలభై ఒకటే కలిశాయి.”

“మరి ఆ పెట్టె?”

“పడేసిన సాయంత్రమే నీ మొహం చూసి పెట్టె తెరిచాను. ఒక చీటీ సరిగ్గానే అంటించావు. రెండు అటూ ఇటూ మారాయి. ఆ ఆదివారమే సరిచేశాను.”

“తెలిసి కూడా అడగలేదేంటి మేడం?”

“నువ్వు చెప్తావేమోనని చూశాను.” మేడం పెన్సిల్ పక్కన పెట్టింది. “రెండేళ్ళు పట్టింది.”

ఉడత అక్కడున్న కుర్చీలో కూలబడింది. బతికిపోయాననుకుంది. ఒక్క రాయి కూడా తప్పు కాలేదు. నాలుగేళ్ళ పని చెక్కుచెదరకుండా ఉంది. దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకోవాల్సిన క్షణం. పెట్టుకోబోతుంటే ఆ టిక్కుల పేజీ మీద కళ్ళు పడ్డాయి. వచ్చింది కోపమో దుఃఖమో ఆమెకే తెలియలేదు.

“ఒక్కటి చూపించాల్సింది మేడం,” అంది. “యాభై రెండులో ఒక్కటి. మొదటి ఏడాదిలో ఒకటి చూపించినా చాలు. నేను పనికిరానిదాన్ననుకున్నాను. రోజూ అదే అనుకుంటూ వచ్చాను, అదే అనుకుంటూ వెళ్ళాను.”

“చెబితే జాగ్రత్త తగ్గుతుంది. మెచ్చుకున్నాక చెయ్యి వదులవుతుంది. మా సారు కూడా...”

“మీ సారు మీకెప్పుడు చెప్పారు?”

మేడం నీలం అట్టని చేత్తో తుడిచింది. “చెప్పలేదు. ఈ పుస్తకం ఆయనదే. ఆయన పోయాక ఇందులో చూసుకున్నాను.”

అయ్యో అనిపించింది ఉడతకి, తన కోపం మధ్యలో కూడా. “నాలుగేళ్ళుగా నా గీతలన్నీ సన్నగా పడ్డాయి మేడం,” అంది.

“కొలవని మాట చెప్పకు,” అంది మేడం. కానీ ఆ గొంతులో ఎప్పుడూ ఉండే గీర లేదు. తర్వాత గబగబా చెప్పుకొచ్చింది. “ఇంకెంత, ఒక్క ఏడాది. ఎనభై రాళ్ళు మిగిలాయి. మూడో అధ్యాయం మళ్ళీ రాస్తే...” అని నాలిక కరుచుకుంది. ఉడతకి నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

నిన్నటిదాకా వెళ్ళిపోవడమంటే దొంగలా జారుకోవడమే. ఇవాళ ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి. భయం పోయింది. మరి భయం పోయాక ఇక్కడ ఉండాలన్న కోరిక ఏమైనా మిగిలిందా అని ఉడత నిజాయితీగా వెతుక్కుంది. రాళ్ళంటే ఇష్టం అలాగే ఉంది. కిటికీలో నీళ్ళ గొట్టాన్ని చూస్తూ, బుడగతో మాట్లాడుకుంటూ, ఇంకో ఏడాది కూర్చోవడానికి మాత్రం ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. పేరుకి ముందు డాక్టరు అని వస్తుంది. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కావాలి కదా.

“నేను మానేస్తాను మేడం.”

“ఇప్పుడు తెలిసింది కదా!”

“తెలిసింది కాబట్టే. నిన్నైతే పారిపోయేదాన్ని.”

మేడం నీలం పుస్తకం మూసింది. బీరువాలో పెట్టి తాళం వేస్తూ అడిగింది. “వెళ్ళే చోట ఎన్నిసార్లు చదువుతారు?”

“ఒక్కసారట.”

మేడం మొహం పుల్లటిదేదో కొరికినట్టు అయింది. ఉడత కళ్ళు తుడుచుకుంది. “నేను మూడుసార్లే చదువుతాను మేడం.”

సాయంత్రం అక్కకి చెప్పింది. అక్క “చెయ్యి వణుకుతోందా?” అని మాత్రం అడిగింది. లేదంది. “అయితే సరే,” అంది. వెనకనుంచి బావ, “అంటే ఇక డాక్టరమ్మ కాదా? మరి నా మోకాలికి దిక్కెవరు?” అన్నాడు. ఈసారి ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక ఉడత ఇంకాసేపు ఏడ్చింది. నాలుగేళ్ళు ఊరికే పోతాయా మరి.

నెలాఖరు దాకా ఉండి చేతిలో ఉన్న పెట్టె పూర్తి చేసింది. ఆ మూడు వారాలూ మేడం ఒక్క కాగితం మీద కూడా ఏమీ రాయలేదు. మాట్లాడిందీ లేదు. ఆఖరి రోజున ఉడత పొడుగు కప్పులోంచి తన పెన్నులు తీసుకుంది. స్టూళ్ళు రెండూ బల్ల కిందికి తోసింది. తాళంచెవి పట్టుకుని మేడం గుమ్మం దగ్గరకి వెళ్ళింది.

మేడం బల్ల మీద వంగి, మూడు వారాలుగా తన గదిలోకి తెచ్చిపెట్టుకున్న ఆ మిగిలిన రాళ్ళలో ఒకదాన్ని సానబడుతోంది.

ఏమనాలో ఉడత పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉంది. రోజూ అనే మాట ఇవాళ అబద్ధమవుతుంది. వెళ్ళడమే ఉంది, రావడం లేదు. ఈ మనిషి దగ్గర కొలవని మాట అనకూడదు. అందుకని ఏ ఇంట్లోనూ ఎవరూ గడప దగ్గర అనని మాట అంది.

“వెళ్తాను మేడం.”

మేడం తల ఎత్తలేదు. “మళ్ళీ,” అంది.

వినపడలేదేమో అనుకుంది ఉడత. కాస్త గట్టిగా అంది. “వెళ్తాను మేడం.”

“మళ్ళీ.”

సానరాయి మీద మేడం చెయ్యి ఆగిపోయి ఉంది. ఉడతకి అప్పుడు అర్థమైంది. తాళంచెవి బల్ల మీద పెట్టి, మూడోసారి, రోజూ అనేలాగే అంది.

“వెళ్ళొస్తాను మేడం.”

“ఆఁ,” అంది మేడం. ఈసారి తల ఎత్తి అంది.